కిక్రికి పది నిమిషాలు చాలవు

ఆదిలాబాద్ రాజ్‌గోండుల్లో ఒక వంశం తమ వంశదేవుడు పెర్సాపేన్‌కి పూజ పెట్టుకుందనుకోండి. పూజారి కటోడా వచ్చేశాడు. మేకపోతు సిద్ధం, ఇప్పసారా సిద్ధం, బంధుజనం బండ్లు దిగారు. అయినా పని మొదలవదు. వంశకథలు పాడే పర్ధాన్ రావాలి, తన తీగవాయిద్యం కిక్రి బయటికి తియ్యాలి, దేవుళ్ల పేర్లెత్తి పాడాలి. అప్పటిగ్గానీ పేన్‌కి కబురు అందినట్టు కాదు. కటోడా బలి ఇస్తాడు, నైవేద్యం పెడతాడు. పిలవడం మాత్రం పాట వంతు.

అదే పర్ధాన్‌కి మన సాంస్కృతిక ఉత్సవాల్లో పది నిమిషాలు ఇస్తారు. ముందు లంబాడా నృత్యం, వెనక ఒగ్గుడోలు, మధ్యలో "అంతరించిపోతున్న అరుదైన వాయిద్యం" అని యాంకరమ్మ పరిచయం. తర్వాత శాలువా, జ్ఞాపిక, దారి ఖర్చులు. మర్యాదకేమీ లోటు చెయ్యరు. నా గొడవ మర్యాద గురించి కాదు. ఆ పాట ఒక వంశానికి, ఒక నెలకి, ఒక పూర్తి రాత్రికి కట్టుబడి ఉంటుంది. ఈ మూడు కట్లూ తెంపేశాక వేదిక మీద మిగిలేది ఒక బాణీ. బాణీని దాచిపెట్టి పాటను కాపాడేశామని చేతులు దులుపుకుంటున్నాం.

పర్ధాన్ ఎవరో తెలిస్తే ఈ కట్లు ఎంత గట్టివో అర్థమవుతుంది. గోండుల వంశాల పేర్లే పర్ధాన్లకూ ఉంటాయి. మెస్రం గోండులకు మెస్రం పర్ధాన్లు. ఫలానా ఇళ్లు ఫలానా పర్ధాన్‌వి అని తరతరాల హక్కు. పంట ఇంటికొస్తే గింజలు, పెళ్లయితే బట్టలు, చావయితే పోయినవాళ్ల బట్టలూ నగలూ ఆయనకి చెందుతాయి. చచ్చిపోయినవాళ్లను పెర్సాపేన్‌లో కలిపే తంతుకి పర్ధాన్ పాట ఉండి తీరాలి గనక ఆ బట్టలు ఆయన పనికి ముట్టే వాటా. ఇంకో విశేషం, ఆదిలాబాద్ పర్ధాన్లు చాలామంది ఇంట్లో మాట్లాడేది మరాఠీ. పాడేది గోండీ, అదీ ఇవాళ్టి గోండులకే సగం మాటలు కొరుకుడుపడని పాత గోండీ. వీళ్లు కాక తోటీలు ఉన్నారు. సంఖ్యలో బాగా తక్కువ, ఇంట్లోనూ గోండీయే, వీళ్లదీ గోండులకు కథలు పాడే వృత్తే. పచ్చబొట్లు పొడిచే పని తోటీల ఆడవాళ్లది.

గోండు సమాజం నాలుగు సాగలు, అంటే నాలుగు వంశసమూహాలు: నలుగురు అన్నదమ్ములు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు. ఒకే సాగలో పెళ్లి కుదరదు, వాళ్లంతా అన్నదమ్ముల కిందే లెక్క. ఏ వంశం ఏ సాగలో ఉంది, ఏ పేన్ ఎక్కణ్నుంచి ఎక్కడికి వచ్చింది, ఎవరి చేతికి సల్లె, చవుర్ అందాయి, ఇవన్నీ పాటలోనే ఉంటాయి. సల్లె అంటే పెర్సాపేన్‌కి గుర్తుగా పూజించే ఇనుప మొన, చవుర్ చామరం. రాతప్రతి లేని చోట పాటే దస్తావేజు. అందులో ఒక పేరు ఎగిరిపోతే రేపు ఏదో ఒక సంబంధం దగ్గర పంచాయితీ అవుతుంది. పాటని "జానపద కళ" అనే గాటన కట్టేసినప్పుడు ముందుగా మరుగునపడేది ఈ సంగతే.

ఇక వాయిద్యం దగ్గరికి వద్దాం. కిన్నెర మొగులయ్యగారికి పద్మశ్రీ వచ్చాక చాలామంది కిక్రిని కూడా కిన్నెర లాంటిదే అనుకుంటున్నారు. కిన్నెరని మీటుతారు. కిక్రిని కమానుతో రాస్తారు. ఒకే చెక్కని తొలిచిన డొల్ల, దాని మీద బిగించిన తోలు, తోలు మీద నిలబెట్టిన చిన్న చెక్కముక్క, దాని మీదుగా మూడు తీగలు, పైన బిరడలు. తీగలు గుర్రపు తోకవెంట్రుకలవి. కమానుకీ అవే వెంట్రుకలు. ఒక్కో తీగ ఒక్క వెంట్రుక కాదు, ఒక జడ. వెంట్రుక మీద వెంట్రుక రాసుకుంటుంది గనక ఫిడేలులా నున్నటి నాదం రాదు, కాస్త గీర, కాస్త గాలి కలిసిన బొంగురు గొంతు వస్తుంది. ముసలి గాయకుడి గొంతు పక్కన అది ఇంకో మనిషిలా వినిపిస్తుంది. గాయకుడు ఊపిరి తీసుకునే చోట పంక్తి తెగకుండా పట్టుకునేది కిక్రియే.

కమాను వెంట్రుకకి జిగురు పట్టించాలి. అది లేకపోతే తీగ మీద కమాను జారిపోతుంది, ఎంత రాసినా మూగే. ఎక్కువైతే పాట కంటే గీకుడు ఎక్కువ వినిపిస్తుంది. తోలుతో ఇంకో తంటా. పుష్యమాసం రాత్రుల్లో మంచు కురుస్తుంది. నడిరాత్రి దాటేసరికి తోలు తేమ పీల్చి సడలుతుంది, దాని మీది చెక్కముక్క కుంగుతుంది, మూడు తీగలూ కలిసి శ్రుతి దిగుతాయి. బిరడ తిప్పి సరిచెయ్యబోతే లాభం లేదు, ఎందుకంటే సడలింది తీగ కాదు. నెగడు దగ్గర కాసేపు పట్టాలి. మరీ దగ్గర పెడితే తోలు ఒక్కసారిగా బిగిసి అంచుల్లో చిరుగుతుంది, ఆ రాత్రికి ఇక అంతే సంగతులు. కథలో మాటగా చెప్పే భాగాలు ఉంటాయి. తోలు కాచుకోవడానికీ జిగురు పట్టించడానికీ అప్పుడే వీలు. పది నిమిషాల కార్యక్రమంలో ఈ మాటల భాగమే ముందు ఎగిరిపోతుంది. వాయిద్యం ఏసీ హాల్లోకి వచ్చిన పావుగంటకే వాయించమంటారు, అక్కడి పొడిగాలికి తోలు ఇంకా సర్దుకోనే ఉండదు. అపశ్రుతి పలికితే "పల్లెటూరి వాయిద్యం కదా" అని సరిపెట్టుకుంటారు.

గుర్రాలు కనుమరుగయ్యాయి. వెంట్రుక దొరకడమే కష్టం. ఉక్కు తీగో నైలాన్ దారమో వేస్తే మోత పెరుగుతుంది, నిజమే. కానీ ఉక్కు తీగ బిగువు వేరు. చెక్కముక్క తోల్లోకి దిగబడుతుంది, సన్నటి మెడ వంగుతుంది, ఆ బొంగురు గొంతు పోయి కీచుదనం వస్తుంది. వాయిద్యాలు బాగుచేయిస్తామని డబ్బు కేటాయించేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. కొత్త కిక్రీలు వంద చేయించి పంచడం కంటే ఏటా రెండు కట్టల తోకవెంట్రుకలు, పదును చేసిన పలచటి మేకతోలు అందేలా చూడటం ఎక్కువ మేలు. పంచిన వాయిద్యం గోడకి వేలాడుతుంది. వెంట్రుక అరిగిపోతుంది గనక మళ్లీ అడుగుతారు, అడిగారంటే వాయిస్తున్నారన్న మాట.

పెప్రె, డోలు, కాలికోమ్ కథ వేరు. పెప్రె సన్నాయి జాతి, పీకతో ఊదేది. డోలుకి రెండు మొహాలు. కాలికోమ్ కొమ్ము. ఇవి ఆరుబయట, నడకలో, దేవుణ్ని ఒక చోటునుంచి ఇంకో చోటుకి తీసుకెళ్లేటప్పుడు మోగుతాయి. కిక్రి కూర్చున్న చోట, కథ చెప్పేటప్పుడు. వేదిక మీద "గోండు వాయిద్య బృందం" అని నాలుగింటినీ ఒక వరసలో నిలబెట్టి ఒకేసారి వాయించమంటే డోలు మోతలో కిక్రి మునిగిపోతుంది. సౌండతను దాని మైకు పెంచుతాడు. మైకు కమాను దగ్గర ఉంటుంది గనక పెరిగేది గీకుడు, పైగా కూత పెడుతుంది. చూసేవాళ్లకి కిక్రి ఒక బొమ్మగా మిగులుతుంది.

ఇంతకీ ఆ రాత్రి ఏం పాడతారు? మొదట పేర్లు, ఒకరి తర్వాత ఒకరు, ఎవర్నీ వదలకుండా. తర్వాత గోండు దేవుళ్ల పుట్టుక, వాళ్లని మహాదేవుడు గుహలో మూసిపెట్టడం, గోండుల ఆదిగురువు పహండి కుపార్ లింగాల్ వచ్చి విడిపించడం, వాళ్లకి బతుకు నేర్పి సాగలుగా పంచడం. ఆపైన కథ ఈ వంశం వైపు మళ్లుతుంది. వాళ్ల పేన్, వాళ్ల దారి, వాళ్ల వాగు. ముందు భాగం అందరికీ ఉమ్మడి, చివరి భాగం ఒక్క వంశానిదే. ప్రదర్శనల్లో పాడేది ఎప్పుడూ ఉమ్మడి భాగమే, అదీ మొదటి కాస్తే. చివరి భాగం ఆ వంశం ఎదురుగా కూర్చుంటేనే పాడే పని పడుతుంది. మిగతా చోట్ల వినేవాడికీ దానికీ సంబంధం ఉండదు. ఏళ్ల తరబడి పాడని భాగం మరుపున పడుతుంది. వేదికలు పెరిగినకొద్దీ పాట కురచవుతుందని నేను గట్టిగా అనేది ఇందుకే. ఇందులో ఎవరి కుట్రా లేదు, వాడుక పోతే మరుపు వస్తుంది, అంతే.

లింగాల్ కథని మొదట కాగితం మీద పెట్టినవాళ్లలో స్టీఫెన్ హిస్లప్ ఒకడు. నాగపూర్‌లో ఉన్న స్కాట్లాండ్ మిషనరీ. ఒక పర్ధాన్ పాడగా రాయించుకున్నాడు. 1863లో వాగు దాటుతూ మునిగి చనిపోయాడు, ఆయన కాగితాలను రిచర్డ్ టెంపుల్ 1866లో అచ్చు వేయించాడు. అందులో ఒక ఘట్టం ఉంది. నిప్పు కోసం లింగో, అంటే ఆ లింగాలే, రికాడ్ గవాడీ అనే రాక్షసుడి దగ్గరికి వెళ్తాడు. సొరకాయ బుర్ర, వెదురు కర్ర తీసుకుని, తన తలవెంట్రుక పీకి తీగగా కట్టి వాయిస్తాడు. మనిషిని తినాలని చూస్తున్న ముసలివాడు, ఆయన ముసలమ్మ ఆ మోతకి చిందులేస్తారు. గోండుల కథలో సంగీతం చేసే పని ఇది. ఎదుటివాడి బుద్ధి మార్చి, నిప్పు ఇప్పించి, చుట్టరికం కలుపుతుంది. వినోదం అందులో చాలా కొసరు. హిస్లప్‌కి మాట దొరికింది, బాణీ పోయింది. అది ఏ వంశం ఎదుట, ఏ పూజలో పాడే పాటో కూడా ఆ కాగితాల్లో లేదు. ఇప్పుడు ఫోన్లలో బాణీ బోలెడంత ఉంది, మాట లేదు.

పాట తన చోట తాను ఎలా పనిచేస్తుందో చూడాలంటే పుష్యమాసంలో మెస్రం వంశం దేవుడు నాగోబా జాతరకి కేస్లాపూర్ వెళ్లాలి. నాగోబా జాతర అనగానే పత్రికలకి అధికారులు అర్జీలు తీసుకునే దర్బారు గుర్తొస్తుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ని పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేసిన ఆ దశకంలోనే దర్బారు మొదలైంది. అది అర్జీల వ్యవహారం. జాతర అంతకుముందే నడకతో మొదలవుతుంది. మెస్రం వంశంవాళ్లు జన్నారం మండలం హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి ఝరి అనే పాత్రలో గోదావరి నీళ్లు తెస్తారు. కుండలు సిరికొండ కుమ్మరి చెయ్యాలి. తిరిగొచ్చి కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేస్తారు. 22 కితల, అంటే వంశశాఖల, వాళ్లు, 22 పొయ్యిలు, ఎంతమంది వచ్చినా ఆ పొయ్యిల మీదే వంట. అమావాస్య రాత్రి మహాపూజ, ఆ తర్వాత వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లకి భేటింగ్, అంటే నాగోబాకి వాళ్లని పరిచయం చెయ్యడం. నడకంతా పెప్రె, డోలు, కాలికోమ్‌లది. మర్రి కింద జనం సద్దుమణిగాక కిక్రి.

ఆ మర్రి చెట్టుకి కూతవేటు దూరంలో దుకాణాలు, జనరేటర్లు, రంగులరాట్నాలు, లౌడ్‌స్పీకర్లు. జాతర అన్నాక సందడి ఉండాలి, కాదనను. మెస్రంవాళ్లు తమ చందాలతో కట్టుకుని 2022 డిసెంబరులో ప్రతిష్ఠ చేసిన రాతిగుడినీ తప్పుపట్టను. వాళ్ల దేవుడు, వాళ్ల డబ్బు. కానీ ఆ నాలుగు రాత్రులు మర్రి వైపు తిప్పిన లౌడ్‌స్పీకర్లు తిప్పేస్తే పైసా ఖర్చు లేకుండా కిక్రికి జరిగే మేలు ఏ ఉత్సవం వల్లా జరగదు. ఆ గాలి కలిసిన గొంతు పదడుగులు దాటి వినపడదు. పదడుగుల్లో వినే పిల్లలు లేకపోతే నేర్చుకునే పిల్లలూ ఉండరు.

గోండుల నృత్యోత్సవం దండారిని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. దీపావళి ముందు గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకుని, బూడిద పూసుకుని ఊరి నుంచి ఊరికి అతిథులుగా వెళ్తారు. డప్పు, తుడుం, పర్ర, పెప్రె మోగుతాయి, ఆడవాళ్లు రేల పాటలు అందుకుంటారు. కొలబొడి అనే ముగింపు తంతుతో ముగిస్తారు. దండారి ఇవాళ్టికీ నిండుగా ఉంది. 2021లో గుస్సాడీ కనకరాజుగారికి పద్మశ్రీ రావడం వల్ల కాదు, ఆ గౌరవం లేని రోజుల్లోనూ నిండుగానే ఉంది. ఊళ్లో ప్రతి కుర్రాడూ చిందెయ్యగలడు, ప్రతి ఆడపిల్లా వంత కలపగలదు. ఒకరు తప్పుకుంటే పదిమంది ఉన్నారు. కిక్రి పాట ఒక ఇంట్లో ఒక మనిషి మెదడులో ఉంటుంది. ఆయన కొడుకు టీచరయ్యాడంటే ఆయన పాడే గోండు యజమానుల కథకి తాళం పడినట్టే. పర్ధాన్లు చదువులో ముందుకు వచ్చారు, 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ మొదలైన నాటి నుంచే. అది సంతోషించాల్సిన సంగతి. పాట కోసం చదువు మానమనే హక్కు ఎవరికుంది?

కోయల దగ్గర ఇంకో ఏర్పాటు ఉంది. వాళ్ల కథకులైన డోలీలు పడిగె అనే బొమ్మల గుడ్డ విప్పి ఇలవేల్పు కథ చెబుతారు. బొమ్మల వరసే కథ వరస, ఒకటి మర్చిపోయినా కంటికి కనబడుతుంది. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్యగారు ఆ సంప్రదాయం మనిషే, 2024లో పోయారు. పర్ధాన్‌కి పడిగె లేదు. ఉన్నది జ్ఞాపకం, చుట్టూ కూర్చుని పేరు తప్పితే అందించే వంశపెద్దలు. ఆ పెద్దలు లేని హాల్లో తప్పు దిద్దేవాళ్లుండరు.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. ఈ వంశపారంపర్యం అంత గొప్పదా? పర్ధాన్ లేనిదే పూజ లేదన్న గోండులే పర్ధాన్ చేతి అన్నం తినని ఆచారం పాటించారు. చచ్చినవాళ్ల బట్టలు తీసుకునేవాడన్న చిన్నచూపూ ఉంది. అలాంటి బంధాన్ని కాపాడమంటారా అని ఒక పర్ధాన్ యువకుడు నిలదీస్తే నా దగ్గర తియ్యటి జవాబు లేదు. పంక్తిభేదం పోవాలి. యజమాని ఇంటి పాట ఆ ఇంటివాళ్ల ఎదుట సాగడం మాత్రం పోకూడదు. ఈ రెండూ విడదీయలేనివని నేననుకోను. బట్టల బదులు రాత్రికింత అని నగదు, పూజ ముందే మాట్లాడుకుని, పాడినవాళ్లతో ఒకే బంతిలో భోజనం. వంశం మొత్తం చందా వేసుకుని రాతిగుడి కట్టగలిగినప్పుడు కిక్రి రాత్రికి చందా వేసుకోవడం పెద్ద పని కాదు. ఒక పర్ధాన్ ఇంట్లో వారసుడు లేకపోతే తోటీల కుర్రాడికో గోండు కుర్రాడికో నేర్పడానికి ఒప్పుకోవాలి. హక్కు పోతుందన్న భయం న్యాయమైనదే, అందుకే నేర్పినాయనకీ వాటా ఉండాలి. కొన్ని ఊళ్లు మాంసం, సారా మానిన భక్తిమార్గాల్లోకి వెళ్లాయి, అక్కడ హార్మోనియం భజనలు వచ్చాయి. బలి లేకపోయినా పేర్లెత్తి పాడటానికి అడ్డేమిటో ఆ ఊళ్లవాళ్లూ ఆలోచించుకోవచ్చు.

"ముందు రికార్డయినా చేద్దాం, పోతే మళ్లీ రాదు" అనేవాళ్లతో నాకు పేచీ లేదు. చేసే తీరుతోనే పేచీ. ఫోన్‌తో తీసేవాళ్లు చాలామంది. ఫోన్లలో రొద తగ్గించే ఏర్పాటు ఉంటుంది, అది కిక్రి గీరని రొదే అనుకుని కోసేస్తుంది. శబ్దమట్టాన్ని దానంతటదే సర్దే ఏర్పాటు ఇంకో శత్రువు. కిక్రి ఒంటరిగా ఉన్నప్పుడు పెంచుతుంది, బయట డోలు దెబ్బ పడగానే అణిచేస్తుంది, దాంతో పాటంతా ఊగుతుంది. రెండూ ఆపెయ్యాలి, కుదరకపోతే చిన్న రికార్డరు కొనాలి. మైకు కమాను వైపు కాకుండా తోలు వైపు, జానెడు పైన ఎడంగా పెట్టాలి. రెండో మైకు వినేవాళ్ల వైపు ఉండాలి. ఎవరు ఏ పేరు అందించారో, ఎక్కడ ఊ కొట్టారో, ఎక్కడ ఒప్పుకోలేదో అందులో పడుతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియోలో గంటకి దాదాపు 1 జీబీ. ఎనిమిది గంటల రాత్రికి 8, 9 జీబీ, ఇవాళ్టి మెమరీ కార్డుకి అదో లెక్క కాదు. చలికి బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి, రెండు జతలు అదనంగా ఉండాలి. మధ్యలో ఆపి "ఈ ముక్క మళ్లీ పాడండి" అనకూడదు. దేవుడి పేర్లు రెండోసారి ఎత్తితే పూజ మళ్లీ మొదలుపెట్టినట్టవుతుంది.

రాసుకోవడం పగటి పని. పాడినాయనతో, వంశపెద్దతో కూర్చుని పంక్తి పంక్తీ వినిపిస్తూ రాయాలి. 1940ల గోండీ వాచకాలు దేవనాగరిలో వచ్చాయి. దేవనాగరి మామూలు వాడుకలో హ్రస్వ ఎ, ఒలకి గుర్తులు లేవు, తెలుగులో ఉన్నాయి, కాబట్టి చెవికి వినపడ్డది రాయడానికి తెలుగు లిపి సులువు. నార్నూర్ మండలం గుంజాలలో బయటపడ్డ గోండీ లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది, చదవగలిగే పిల్లలున్న బడుల కోసం అందులోనూ ఒక ప్రతి తియ్యాలి. కాగితం మీద మొదటి పంక్తి పాట కాకూడదు. ఏ వంశం, ఏ సాగ, ఏ పూజ, ఏ నెల, వినడానికి ఎవరున్నారు, ఏ భాగం పాడలేదు, ఎందుకు పాడలేదు, ఇవి ముందు రావాలి. ప్రతి మొదట ఆ వంశానికి చేరాలి. చివరి భాగాన్ని యూట్యూబ్‌లో పెట్టాలా వద్దా అన్నది వాళ్లు తేల్చుకోవాలి. వద్దంటే వద్దు.

ఇక ప్రోత్సాహం ఇచ్చే శాఖలకి ఒక్క మార్పు చాలు. ప్రదర్శనకింత అని కాకుండా, పూజలో పాడిన రాత్రికింత అని ఇవ్వండి. సంతకం అధికారిది అక్కర్లేదు, ఆ వంశం కటోడాది చాలు. పక్కన కూర్చుని వంత పట్టిన కుర్రాడికి అందులో సగం. ఏడాదిలో పుష్యం, వైశాఖం రెండు నెలల్లోనే ఎక్కువ రాత్రులు పడతాయి, బడ్జెట్ కూడా వాటి ముందే విడుదల కావాలి. మార్చి నెలాఖరులో వచ్చే డబ్బుతో ఎవరూ పెర్సాపేన్ పూజ పెట్టుకోరు.